నీటి కదలికలో చదివిన మెదడు
ఆటిజం, శ్వేత పదార్థం: ఒక స్మారకోపన్యాస పాఠం



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూడామో ఆ డాక్టరుగారు నాకు గురువు. సన్మానమంటే తప్పించుకు తిరిగిన మనిషి. తన పేరు వేదికల మీద మారుమోగడం ఆయనకు ఎన్నడూ నచ్చలేదు. ఆ ఇష్టాన్ని మన్నిస్తూ నేను కూడా ఆయనను డాక్టరుగారనే ప్రస్తావిస్తాను. పిల్లల నాడీవైద్య విభాగంలో మేము చదువుకునే రోజుల్లో ఆయనకొక నియమం ఉండేది. తల్లిదండ్రులు తెచ్చిన స్కాను కవరును వెంటనే విప్పనిచ్చేవారు కాదు. దాన్ని బల్లమీద బోర్లించి, బిడ్డ ఆడుకుంటుంటే పావుగంట పక్కన కూర్చుని, కంటితో చూసినది కాగితం మీద రాయమనేవారు. కవరు సంగతి ఆ తరవాతే. ఆ క్రమంలో ఎంత శాస్త్రం ఉందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. నేటి ఉపన్యాసాన్ని ఆ నియమానికి ఒక వ్యాఖ్యానంగా స్వీకరించమని ప్రార్థన.

నేను ప్రతిపాదించదలచుకున్నది ఒక్కటే. ఆటిజం ఉన్నవారి మెదడులో శ్వేత పదార్థం సగటున కొంత వేరుగా ఎదుగుతుందని గడచిన రెండు దశాబ్దాల ఇమేజింగ్ చూపింది. ఆ తేడా ఎక్కడో ఒక తీగ తెగిపోవడం వంటిది కాదు. ఎదుగుదల వేగంలో, వరసలో కనిపించే తేడా అది. పైగా అది సమూహాల సగటులో తేలే విషయమే తప్ప ఒక బిడ్డ నుదుట చదవగలిగే రాత కాదు. ఈ రెండు మాటలూ కలిపి పట్టుకోకపోతే, ఇంత గొప్ప సాధనం మన చేతుల్లో కొత్త అపోహగా మారే ప్రమాదముంది.

ముందుగా శ్వేత పదార్థమంటే ఏమిటో చూద్దాం. మెదడును కోసి చూస్తే పైన కొద్ది మిల్లీమీటర్ల మందాన బూడిదరంగు పొర, లోపల తెల్లని భాగం కనిపిస్తాయి. 1543లో వెసాలియస్ తన శరీరనిర్మాణ గ్రంథంలో ఈ రెంటినీ వేరుచేసి చూపాడు. పైపొరలో ఉండేవి నాడీకణాల శరీరాలు. లోపలి తెలుపు ఆ కణాల నుంచి బయలుదేరి దూరప్రాంతాలకు సాగే తంతువులది. వాటి చుట్టూ పొరలు పొరలుగా చుట్టుకున్న కొవ్వు పదార్థం వల్ల ఆ రంగు వచ్చింది. 1854లో విర్కో ఆ పదార్థానికి మైలిన్ అని పేరు పెట్టాడు. మైలిన్ తొడుగున్న తంతువులో నాడీ సంకేతం ఎన్నోరెట్లు వేగంగా పరుగెడుతుంది. ఇరవయ్యేళ్ళ మనిషి మెదడులో మైలిన్ తొడిగిన తంతువులన్నిటినీ ఒకదాని కొసకు మరొకటి ముడివేస్తే స్త్రీలలో సుమారు 1,49,000 కిలోమీటర్లు, పురుషులలో 1,76,000 కిలోమీటర్లు వస్తుందని డెన్మార్క్ పరిశోధకులు 2003లో లెక్కకట్టారు. అంటే భూమిని దాదాపు నాలుగుసార్లు చుట్టగల దారం మన తలలో ఉందన్నమాట.

ఈ తొడుగు పుట్టుకతోనే పూర్తయి రాదు. ఏ దారికి ఎప్పుడు మైలిన్ పడుతుందో దానికొక వరస ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో లైప్‌జిగ్‌లో పాల్ ఫ్లెక్సిగ్ శిశువుల మెదళ్ళను పరిశీలించి ఆ వరసను పట్టుకున్నాడు. చూపు, స్పర్శ, కదలికల దారులు ముందు సిద్ధమవుతాయి. ఆలోచనను, అనుభవాన్ని ముడివేసే దారులు ఆలస్యంగా వస్తాయి. నుదుటి వెనక భాగంలో ఆ పని ఇరవైలు దాటాక కూడా సాగుతుందని ఇప్పుడు మనకు తెలుసు. కాబట్టి శ్వేత పదార్థాన్ని అర్థం చేసుకోవాలంటే ఎక్కడ అని అడిగితే చాలదు, ఎప్పుడు అని కూడా అడగాలి. ఈ మాటను మనసులో ఉంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే రావాలి.

మనిషి సామర్థ్యాలు మెదడు కేంద్రాల్లోనే కాక వాటి మధ్య దారుల్లోనూ ఉంటాయన్న ఊహ కొత్తది కాదు. 1874లో వెర్నికే మాటకు సంబంధించిన కేంద్రాలతోపాటు వాటిని కలిపే దారిని గురించీ రాశాడు. ఆ దారి తెగితే మాట ఒక ప్రత్యేక రీతిలో చెడుతుందన్నాడు. 1892లో పారిస్‌లో దెజెరిన్, రాయగలిగీ తాను రాసినదాన్నే చదవలేని రోగిని వర్ణించాడు. ఆ తరవాత కొన్ని దశాబ్దాలపాటు మరుగునపడిన ఈ ఆలోచనను 1965లో నార్మన్ గెష్విండ్ ఒక సుదీర్ఘ వ్యాసంతో తిరిగి నిలబెట్టాడు. కుడి ఎడమ మెదళ్ళను కలిపే కార్పస్ కలోసమ్ అనే మహాసేతువును కోసిన రోగుల మీద రోజర్ స్పెర్రీ చేసిన పరిశోధనకు 1981లో నోబెల్ బహుమతి లభించింది. ఇవన్నీ తెగిన దారుల కథలు. ఎదిగిన మనిషిలో ఉన్న దారి పోతే ఏమవుతుందో ఇవి చెప్పాయి. మొదటి నుంచీ వేరుగా ఎదిగిన దారుల సంగతి వాటి పరిధిలో లేదు. అయినా ఆటిజం విషయంలో శాస్త్రం చాలాకాలం ఈ తెగిన దారి ఉపమానాన్నే అరువు తెచ్చుకుంది. దాని ఫలితం తరవాత చూద్దాం.

ఆటిజం అన్న మాటను మొదట వాడింది స్విస్ వైద్యుడు బ్లాయిలర్, అదీ స్కిజోఫ్రీనియా లక్షణంగా. 1925లో మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే వైద్యురాలు కొందరు పిల్లల గురించి రాసిన వర్ణన నేటి ఆటిజానికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంటుంది. ఆమె కృషి చాలాకాలం వెలుగులోకి రాలేదు. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ పదకొండుమంది పిల్లల చరిత్రలతో ప్రచురించిన వ్యాసమే ఈ రంగానికి ఆరంభమయింది. ఆ వ్యాసం శీర్షికలోనే సంపర్కమన్న భావం ఉంది. ఎదుటివారితో మనసు కలవడంలో పుట్టుకతో ఉన్న ఇబ్బంది అని కానర్ సూత్రీకరించాడు. ఆ పదకొండుమందిలో అయిదుగురికి తల కొంత పెద్దదిగా ఉందని కూడా రాశాడు. ఆ చిన్న వాక్యం వెనక ఉన్న అర్థాన్ని వెదకడానికి అర్ధశతాబ్దం పైగా పట్టింది.

అదే వ్యాసంలో తల్లిదండ్రుల ముభావాన్ని గురించి కానర్ చేసిన వ్యాఖ్య మాత్రం క్షణాల్లో రెక్కలు తొడుక్కుంది. పుట్టుకతో వచ్చినదన్న మాట వెనక్కి పోయి, తల్లి చల్లదనం వల్ల బిడ్డ ముడుచుకుపోయాడన్న నింద ముందుకొచ్చింది. 1967లో బ్రూనో బెటిల్‌హైమ్ రాసిన పుస్తకం ఆ నిందకు పరాకాష్ఠ. అప్పటికే 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త, స్వయంగా ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి, ఇది నాడీవ్యవస్థకు సంబంధించినదని వాదించాడు. 1977లో సూసన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ ఇరవై ఒక్క జతల కవలల మీద చేసిన అధ్యయనం వంశపారంపర్య ప్రభావాన్ని స్పష్టంగా చూపింది. తల్లుల తలమీది బరువు దించింది మొదట ఆ కవలలే. స్కాను యంత్రాలు ఆ తరవాత వచ్చి సాక్ష్యం చెప్పాయి.

ఇది ఎక్కడో అమెరికాలో ముగిసిన కథ అనుకోకూడదు. గర్భిణిగా ఉండగా గ్రహణం చూసిందని, ఉద్యోగానికి వెళ్ళి బిడ్డను పనిమనిషికి వదిలిందని, ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేక మాట రాలేదని మన ఇళ్ళలో ఇప్పటికీ ఒక తల్లిని ఎవరో ఒకరు నిలదీస్తూనే ఉన్నారు. డాక్టరుగారి గదిలో సగం సమయం ఆ మాటలకు జవాబు చెప్పడానికే పోయేది.

ఇక సాధనం దగ్గరకు వద్దాం. బతికున్న మనిషి మెదడులోని తంతువులను కత్తి పెట్టకుండా ఎలా చూడగలిగారు? నిజానికి ఎవరూ వాటిని నేరుగా చూడలేదు. చూసింది నీటి కదలికను. 1827లో రాబర్ట్ బ్రౌన్ నీటిలో పుప్పొడి నుంచి వెలువడిన రేణువులు ఆగకుండా అల్లాడడం గమనించాడు. 1905లో ఐన్‌స్టైన్ ఆ అలజడి గణితాన్ని విప్పాడు. 1946లో బ్లాక్, పర్సెల్ అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను పట్టుకున్నారు. 1965లో స్టెజ్‌కల్, టానర్ ఆ స్పందన ద్వారానే నీటి అణువులు అలా అల్లాడుతూ వ్యాపించడాన్ని, అంటే విసరణను, కొలిచే మార్గం చూపారు. 1973లో లాటర్‌బర్ ఆ స్పందనతో బొమ్మ గీయవచ్చని నిరూపించాడు. 1980ల నడుమ ఫ్రాన్స్‌లో దెని ల బియాన్ ఈ రెంటినీ కలిపి మెదడులో నీటి విసరణకు చిత్రాలు తీశాడు.

దీని కీలకం సులభమైనదే. గిన్నెలో నీటి అణువు అన్ని వైపులకూ ఒకేలా కదులుతుంది. వరిగడ్డి మోపు మీద నీళ్ళు పోస్తే గడ్డిపరకల పొడుగునా జారినంత తేలిగ్గా అడ్డంగా జారవు. మెదడులో తంతువుల కట్ట కూడా అంతే. తంతువు పొడుగునా నీరు సాఫీగా సాగుతుంది, అడ్డంగా వెళ్ళబోతే పొరలు తగులుతాయి. 1990లో మోజ్లీ బృందం పిల్లుల మెదడులో ఈ దిశాభేదాన్ని చూపింది. 1994లో పీటర్ బాసర్, ఆయన సహచరులు ప్రతి బిందువు దగ్గరా ఆ కదలికను ఒక టెన్సర్‌గా, అంటే ఏ దిశలో ఎంత కదలిక ఉందో చెప్పే అంకెల పట్టికగా, లెక్కకట్టే పద్ధతిని ప్రతిపాదించారు. దానికి కనీసం ఆరు దిశల్లో కొలతలు కావాలి. అందులోంచి పుట్టిన ఒక అంకె పేరు ఫ్రాక్షనల్ అనిసోట్రపి. సున్నా అంటే నీరు అన్ని దిక్కులకూ సమానంగా కదులుతోందని, ఒకటికి దగ్గరవుతున్నకొద్దీ ఒకే దారి పట్టిందని అర్థం. ఆటిజంలో శ్వేత పదార్థం గురించి మీరు వినే మాటల్లో ఎక్కువభాగం ఈ ఒక్క అంకె గురించినవే.

ఈ లెక్కలో మన తెలుగువాడి చేయి కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన సి.ఆర్. రావుగారు 1945లో, పాతికేళ్ళు నిండీ నిండని వయసులో, ఒక వ్యాసం ప్రచురించారు. ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో దానికి హద్దు చెప్పిందీ, సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని జ్యామితితో కొలవవచ్చని చూపిందీ ఆ వ్యాసమే. ఆరు దశాబ్దాల తరవాత, రెండు మెదళ్ళ టెన్సర్లను న్యాయంగా పోల్చడమెలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు గణితజ్ఞులు ఆ జ్యామితినే ఆశ్రయించారు. అంచనాకు హద్దు ఉంటుందన్న ఆయన మాట ఈ రంగమంతటికీ నీతివాక్యం కాదగినది.

ఎందుకంటే హద్దులు చాలా ఉన్నాయి. స్కానులో ఒక బిందువు సాధారణంగా రెండు మిల్లీమీటర్ల భుజమున్న ఘనం. అందులో లక్షల తంతువులు పడతాయి. కొలిచే ఆ కొద్ది మిల్లీసెకన్లలో నీరు కదిలేది మిల్లీమీటరులో నూరోవంతు. అనిసోట్రపి అంకె తగ్గితే మైలిన్ పలచబడి ఉండవచ్చు, తంతువులు తక్కువై ఉండవచ్చు. లేదా రెండు ఆరోగ్యవంతమైన దారులు ఆ బిందువులో కూడలిలా ఒకదాన్నొకటి దాటుతూ ఉండవచ్చు. యంత్రం ఇచ్చేది అంకె. తంతువులు తెగాయన్న మాట దానికి మనం చేర్చే భాష్యం.

ఇప్పుడు ఆటిజంలో ఏం కనిపించిందో చూద్దాం. 2001లో ఎరిక్ కోర్షేన్ బృందం, ఆటిజం ఉన్న రెండు మూడేళ్ళ బాలుర పెద్దమెదడులో శ్వేత పదార్థం పోల్చిచూసిన ఇతర పిల్లలకన్నా 18 శాతం ఎక్కువగా ఉందని ప్రకటించింది. కానర్ చూసిన పెద్ద తలలకు అది తొలి వివరణల్లో ఒకటి. 2004లో స్టాన్‌ఫర్డ్‌లో బార్నియా గొరాలీ బృందం ఆటిజం ఉన్న ఏడుగురు బాలురను విసరణ పద్ధతిలో పరిశీలించి, ఎదుటివారి ముఖాన్ని, మనసును చదవడంలో పాలుపంచుకునే ప్రాంతాల దగ్గరా కార్పస్ కలోసమ్‌లోనూ అనిసోట్రపి తగ్గిందని చెప్పింది. అదే ఏడాది మార్సెల్ జస్ట్ బృందం, వాక్యాలు అర్థం చేసుకునేటప్పుడు మెదడు ప్రాంతాల మధ్య లయ కుదరడం తక్కువగా ఉందని చూపింది. సంపర్కం కొరవడిందన్న కానర్ మాటకు మెదడులోనే సంబంధం కొరవడిందన్న జవాబు దొరికినట్టయింది. మాట మాటకు అంత చక్కగా అతికింది కాబట్టే దాన్ని అనుమానించవలసింది. తరవాతి పదేళ్ళలో డజన్లకొద్దీ అధ్యయనాలు దారులు బలహీనమన్న ఒకే పల్లవి అందుకున్నాయి. 2010లో జికోపొలస్, బార్బాస్ మరణానంతరం దానం చేసిన కొద్ది మెదళ్ళను సూక్ష్మదర్శినిలో చూసి, నుదుటి వెనక ఒక ప్రాంతంలో దూరాలకు సాగే లావుపాటి తంతువులు తక్కువగా, దగ్గరి ప్రాంతాలను కలిపే సన్నవి ఎక్కువగా ఉన్నాయని రాశారు. ఇక్కడ కూడా గమనించండి, ఒకచోట తక్కువైతే మరోచోట ఎక్కువ.

2012లో వచ్చిన అధ్యయనం ఈ కథను మలుపు తిప్పింది. అమెరికాలో కొన్ని కేంద్రాలు కలిసి, అప్పటికే ఆటిజం ఉన్న అన్న గాని అక్క గాని ఉన్న 92 మంది శిశువులను ఆరు నెలల వయసు నుంచి అనుసరించాయి. పసివాళ్ళు సహజంగా నిద్రపోతుండగా స్కాను తీశారు. రెండేళ్ళు నిండేసరికి వారిలో 28 మందిలో ఆటిజం లక్షణాలు స్థిరపడ్డాయి. పరిశీలించిన పదిహేను దారులలో పన్నెండింటి ఎదుగుదల గీత ఆ పిల్లల్లో వేరుగా నడిచింది. ఆరు నెలలప్పుడు వారి అనిసోట్రపి మిగతావారికన్నా ఎక్కువగా ఉంది. తరవాత నెమ్మదించి, రెండేళ్ళకు తక్కువయింది.

ఈ గీతను కాసేపు తలపోయండి. ఆరో నెలలో చూసినవాడు ఈ బిడ్డల దారులు బలమైనవంటాడు. రెండేళ్ళప్పుడు చూసినవాడు బలహీనమైనవంటాడు. ఇద్దరి అంకెలూ నిజమే, ఇద్దరి తీర్పులూ పొరపాటే. తెగిన తీగ ఉపమానం ఇక్కడ పూర్తిగా విఫలమవుతుంది. ఫ్లెక్సిగ్ చెప్పిన వరస, కాలం ఇక్కడ అర్థవంతమవుతాయి. ఇంకా మాట రాకముందే, లక్షణాలు తేటపడకముందే ఆ గమనం వేరయింది కనుక తల్లి పెంపకం మీద వేసిన నింద కూడా ఇక్కడ చివరి ఆధారాన్ని కోల్పోతుంది.

శాస్త్రం తన తప్పును తానే వెదుక్కున్న అధ్యాయం ఆ వెంటనే వచ్చింది. స్కాను యంత్రం ఇరుకు గొట్టం, చెవులు దద్దరిల్లే చప్పుడు. శబ్దాన్నీ ఇరుకునూ తట్టుకోలేని బిడ్డ అందులో కదలకుండా పడుకోవడం కష్టం. తల కొద్దిగా కదిలినా అనిసోట్రపి తప్పుగా వస్తుందని, రెండు గుంపుల మధ్య లేని తేడా కూడా ఉన్నట్టు కనబడుతుందని 2014లో తేలింది. అదే ఏడాది ఎంఐటీ పరిశోధకులు తల కదలిక సమానంగా ఉన్న పిల్లలనే ఎంచి పోలిస్తే, మెదడంతటా ఉందనుకున్న తేడా కరిగిపోయి, కుడివైపు ఇన్‌ఫీరియర్ లాంగిట్యూడినల్ ఫాసిక్యులస్ అనే ఒక్క దారిలో మాత్రమే మిగిలింది. పదిహేడు కేంద్రాల నుంచి 1,112 మంది చిత్రాలతో ఎబైడ్ అనే ఉమ్మడి భాండాగారం ఏర్పడ్డాక, 2015లో అందులోని చిత్రాలతో కార్పస్ కలోసమ్ పరిమాణాన్ని పరిశీలిస్తే చిన్న అధ్యయనాలు చెప్పిన తేడా నిలబడలేదు. 2016లో ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం), ఓసీడీ (వదలని ఆలోచనలు, పదేపదే చేసే పనులు) ఉన్న పిల్లలను పక్కపక్కన పెట్టి చూస్తే శ్వేత పదార్థంలో తేడాలు కొంతమేరకు ఉమ్మడిగా ఉన్నాయని బయటపడింది.

ఇంకో లోటు కూడా చెప్పాలి. ఈ అధ్యయనాల్లో ఎక్కువమంది బాలురు, మాట వచ్చినవారు, చెప్పినట్టు పడుకోగలిగినవారు. సాయం ఎక్కువ కావలసిన బిడ్డ ఆ సగటులో లేడు. అమ్మాయిలు తక్కువ. తెలుగు, హిందీ, ఒడియా మాట్లాడే ఇళ్ళ పిల్లలు మరీ తక్కువ.

మిగిలిందేమిటి? కొన్ని దారుల్లో, కొన్ని వయసుల్లో, సగటున చిన్నపాటి తేడా. రెండు గుంపుల గీతలు చాలామేర ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక్క స్కాను చేతిలో పెట్టి ఈ బిడ్డ ఏ గుంపులోవాడో చెప్పమంటే నిపుణుడు చెప్పలేడు. పైగా శ్వేత పదార్థం శిలాశాసనం కూడా కాదు. ఆరు వారాలు బంతులు ఎగరేసి పట్టడం నేర్చుకున్న పెద్దవారిలో అది మారిందని 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. చదవలేక వెనకబడిన పిల్లలకు వంద గంటల ప్రత్యేక శిక్షణ ఇస్తే ఒక దారిలో అనిసోట్రపి పెరిగిందని అదే ఏడాది మరో బృందం రాసింది. శిక్షణతో ఆటిజం పోతుందని వీటి అర్థం కాదు. మెదడు జీవితాన్ని మలచినట్టే జీవితమూ మెదడును మలుస్తుందని, అందువల్ల స్కానులో కనిపించే తేడా కారణమో ఫలితమో ఒక్క చిత్రంతో తేల్చలేమని మాత్రమే అర్థం.

సభలో ఉన్న తల్లిదండ్రులకు కొన్ని సూటి మాటలు. ఆటిజం నిర్ధారణ నేటికీ బిడ్డ ప్రవర్తనను చూసి, పెరిగిన తీరు విని చేసేదే. మన దేశంలో వాడే ఐసా అనే కొలమానం సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో రూపుదిద్దుకుంది. దానికి అయస్కాంతం అక్కర్లేదు, ఓపిక కావాలి. మాట రాని బిడ్డకు ముందు వినికిడి పరీక్ష చేయించాలి. ఫిట్స్ వచ్చినా, నేర్చుకున్నవి మరిచిపోతున్నా, నాడీవ్యవస్థలో మరో లోపం అనుమానించినా ఎమ్మారై అవసరమే, అది వేరే కారణాలను వెదకడానికి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. ఆ హక్కులు స్కాను ఫిల్ము మీద ఆధారపడినవి కావు.

వైద్య మిత్రులకు ఒక మాట. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి మామూలు ఎమ్మారై రిపోర్టులో అంతా సరిగానే ఉందని వస్తుంది. ఆ ఒక్క మాట పట్టుకుని, ఏమీ లేదట, వయసొస్తే మాట అదే వస్తుందని ఇంటికి వెళ్ళిపోయి రెండేళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలను డాక్టరుగారు ఎందరినో చూశారు. ఆ రెండేళ్ళలోనూ దారులు అల్లుకుంటూనే ఉంటాయని ఇప్పుడు మనం కొలిచి చెప్పగలం. కనుక రిపోర్టు చేతికిచ్చేటప్పుడు, ఇందులో కనబడకపోయినంత మాత్రాన బిడ్డకు సాయం అక్కర్లేదని కాదని ఆ తల్లితో చెప్పండి. చెప్పేముందు కవరును బోర్లించి, పావుగంట ఆ బిడ్డను చూడండి.